దొనెగాల్ కొండల్లో ఎలుగు భయం

ఎలుగుబంటిని చూడడానికి సెలవు పెట్టి, టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళానంటే మా ఉద్దానంలో ఎవరూ నమ్మరు. అక్కడ ఎలుగు ఎదురు పడకుండా రోజు గడిస్తే చాలనుకుంటారు. శ్రీకాకుళం జిల్లాలో కొండలకీ సముద్రానికీ మధ్య జీడితోటల్లో పుట్టి పెరిగినదాన్ని నేను. మా అన్నయ్య సింహాచలం ఒకరోజు తెల్లవారుజామున జీడిపిక్కలు ఏరడానికి వెళ్ళాడు. వంగినవాడు నడుం ఎత్తేసరికి ఎదురుగా ఎలుగు ఉంది. ప్రాణం దక్కింది, కుడి కన్ను పోయింది, చెంప పోయింది. అప్పుడు నేను నర్సింగు చదువుతున్నాను. ఆస్పత్రిలో అన్నయ్య కట్లు నేనే మార్చేదాన్ని. కన్ను ఉండాల్సిన చోట దూది పెడుతూ, లోకంలో ఉన్న ఎలుగులన్నిటినీ కాల్చిపారేయాలని అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

ఇప్పుడు ఐర్లండ్‌లో, డబ్లిన్ పక్కన ఆడమ్స్‌టౌన్‌లో ఉంటున్నాం. క్లాండాల్కిన్ వైపు ఒక వృద్ధాశ్రమంలో నర్సు పని నాది. కరోనా మొదటి వసంతంలో అక్కడ ఏం జరిగిందో ఇక్కడ రాయను. నేను కారిడార్లో నడిచిన ప్రతిసారీ ఒక తలుపు కొత్తగా మూసి ఉండేదని మాత్రం చెబుతాను. ఆ రోజుల్లో ఇంట్లో కూడా నేను వేరే గదిలోనే పడుకునేదాన్ని. మా అమ్మాయి మేఘన తలుపు అవతల కూర్చుని నాతో మాట్లాడేది. దేశానికి ఉత్తరపు కొసన, దొనెగాల్‌లో, సర్కస్ బోనుల నుంచి తెచ్చిన ఎలుగుల్ని అడవిలాంటి చోట పెంచుతున్నారని తనే కనిపెట్టింది. "కెన్ వి గో, అమ్మా? వెన్ ఇట్స్ ఓవర్?" అంది. మూసిన తలుపు అవతల నుంచి బిడ్డ అడిగితే కాదనలేకపోయాను. తరవాతి ఏడాది అక్టోబరులో, బడి సెలవుల వారంలో, ఆ మాట నిలబెట్టుకోవలసి వచ్చింది.

పసుపు గీత తెల్లబడిన చోట

మా ఆయనకి ఆ వారం ఆఫీసులో ఊపిరాడని పని. నేనే కారు నడపాలి. లైసెన్సు వచ్చాక డబ్లిన్ దాటి నడపడం అదే మొదలు. దొనెగాల్‌కి దగ్గరి దారి ఉత్తర ఐర్లండ్ మీదుగా వెళుతుంది. అది వేరే దేశం. మన పాస్‌పోర్టుకి వేరే వీసా కావాలి. సరిహద్దులో గేటూ ఉండదు, పోలీసూ కనపడడు. అందుకే నాకు మరీ భయం. ఎక్కడ తప్పు చేశామో తెలియకుండానే తప్పు చేసేస్తాం. కాబట్టి స్లైగో మీదుగా చుట్టు దారి పట్టాం.

క్యారిక్‌లో నది ఒడ్డున సూప్ తాగడానికి ఆగాం. గుమ్మంలో టీకా సర్టిఫికెట్ చూపిస్తే గానీ లోపలికి రానివ్వలేదు. గిన్నెడు కూరగాయల సూపూ రెండు గోధుమరొట్టె ముక్కలూ ఏడు యూరోలు. పక్క బల్ల దగ్గర ఒకాయన దగ్గాడు. గదిలో అందరి చెంచాలూ ఒక్క క్షణం ఆగాయి. "గొంతులో రొట్టె అడ్డం పడిందండీ" అని ఆయన అందరికీ క్షమాపణ చెప్పుకున్నాడు. నేను మాత్రం సూప్ సగంలో వదిలేసి మేఘనని బయటకి తీసుకొచ్చేశాను. కారులో పులిహోర తిన్నాం. గాలి చల్లగా, తడిగా ఉంది.

జలపాతం చూద్దామని మేఘన అంటే మేనర్‌హామిల్టన్ వైపు తిరిగాం. జలపాతం బాగుంది. అక్కణ్ణుంచి ఫోన్ చెప్పిన సందు రోడ్డు పట్టుకున్నాను. రెండు వైపులా ముళ్ళపొదలు, మధ్యలో గడ్డి మొలిచిన తారు. కొంత దూరం పోయాక మేఘన, "అమ్మా, ద లైన్ వాజ్ యెల్లో" అంది. రోడ్డు అంచున గీత అప్పటిదాకా పసుపుగా ఉండేది. ఇప్పుడు తెల్లగా ఉంది. ముందు వేగం బోర్డు మీద అంకె కిలోమీటర్లలో లేదు, మైళ్ళలో ఉంది. ఉత్తర ఐర్లండ్‌లోకి వచ్చేశాం.

కారు అక్కడే ఆపేశాను. ఇక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డూ, ఉద్యోగమూ, ఇల్లూ, అన్నీ ఒక్క గీత మీద పోయినట్టే అనిపించింది. వెనక ట్రాక్టర్ వచ్చి ఆగింది. టోపీ పెట్టుకున్న ముసలి రైతు దిగి వచ్చి అద్దం మీద తట్టాడు. మాస్కు పెట్టుకుని అద్దం కొంచెం దించి, మేం ఎక్కడున్నామని అడిగాను.

"ఆ దేశంలో" అన్నాడు. "వెనక్కి తిప్పుకుంటే ఈ దేశంలో ఉంటావు."

"మాకు వీసా లేదండీ."

"నా ఆవులకీ లేదు. పొద్దుటి నుంచి నాలుగుసార్లు దాటాను. యు ఆర్ గ్రాండ్, ఏం ఫరవాలేదు, అమ్మాయ్. ఆ గేటులో తిప్పుకో."

గేటులో తిప్పుతుంటే కారు వెనక చక్రం బురదలో దిగింది. ఆయనే ట్రాక్టరుకి గొలుసు కట్టి లాగాడు. పులిహోర డబ్బా ఇవ్వబోయాను. "కారంగా ఉంటుందా?" అని అడిగి, ఉంటుందంటే వద్దన్నాడు. గీత పసుపు రంగుకి తిరిగేదాకా నేను ఊపిరి పూర్తిగా పీల్చలేదు.

కోలమ్ ఇంట్లో

మేం దిగిన ఇల్లు కొండ కింద ఒంటరిగా ఉంది. ఇంటాయన పేరు కోలమ్. డెబ్బై దాటినవాడు, భార్య పోయింది, రెండు గదులు అద్దెకిస్తాడు. తలుపు తీసి, మాస్కు మీదుగా నవ్వి, కూర్చునే గది చూపించి సామాను తేవడానికి వెళ్ళాడు. గదిలో పొయ్యిలో పీట్, అంటే చిత్తడి నేలలో కోసి ఎండబెట్టిన మట్టిగడ్డలు, కాలుతున్నాయి, ఆ వాసన మా ఊళ్ళో తడి పిడకలు రాజేసినప్పటి వాసనలా ఉంది. దీపం వెయ్యలేదు. కళ్ళు అలవాటు పడ్డాక గోడ వైపు చూశాను.

ఎలుగు. చేతులు చాపి, నోరు తెరిచి, నా వైపు చూస్తోంది.

నేను అరవలేదు. మేఘనని వెనక్కి నెట్టి, చేతికి దొరికిన ఇనప ఊచ పట్టుకుని నిలబడ్డాను. కోలమ్ వచ్చి దీపం వేసేదాకా అది తోలని నాకు తెలియలేదు. తలతో సహా ఒలిచి గోడకి కొట్టిన నల్లటి తోలు.

ఆయన చాలా నొచ్చుకున్నాడు. టీ పెట్టాడు, నా చేతిలో ఊచ మెల్లగా తీసుకుని పొయ్యి దగ్గర పెట్టాడు. అమెరికాలో ఇళ్ళ పైకప్పులు వేసే పనిలో ఇరవై ఏళ్ళు ఉన్నాడట. అక్కడ ప్రతి శరత్కాలంలో ఎలుగుల వేట తెరుస్తారట. లైసెన్సు కొనుక్కోవాలి. ఒక పీపాలో పాతబడిన తీపి రొట్టెలు పోసి అడవిలో పెడతారు. చెట్టు మీద మంచె కట్టుకుని కూర్చుంటారు. అది తినడానికి వస్తుంది.

"ఇది ఏం చేసింది?" అని అడిగాను.

"ఏం చేసిందంటే?"

"ఎవరినైనా కరిచిందా? ఎవరి ఇంట్లోనైనా దూరిందా?"

కోలమ్ తోలు వైపు తిరిగాడు. "లేదు. వేట రోజులు, అంతే. సంఖ్య అదుపులో ఉండాలిగా. ఇక్కడ జింకలూ అంతే. వాటిని వదిలేస్తే ఒక్క మొక్క మిగలదు."

నేను ఫోన్‌లో అన్నయ్య ఫోటో చూపించాను. ఎందుకు చూపించానో చెప్పలేను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మరి నువ్వే కదమ్మా వాటిని కాల్చమనాల్సింది" అన్నాడు. వెక్కిరింపుగా అనలేదు. నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. మేఘన మాత్రం ఆ తోలు వైపు వీపు పెట్టి కూర్చుని టీ తాగింది.

పొద్దున అరుపులు

తెల్లవారుతుంటే కొండ మీద నుంచి ఒక అరుపు వచ్చింది. ఆవు ఈనలేక అరిచినట్టు మొదలై, రంపం కోసినట్టు ముగిసింది. మగ దుప్పి జతకట్టే కాలంలో అలా అరుస్తుందని తరవాత తెలిసింది. దాని వెనకే తుపాకీ ఒకటి పేలింది. కిటికీ అద్దం సన్నగా అదిరింది. మేఘన నా దుప్పటిలోకి దూరింది, చిన్నపిల్లప్పటిలాగా. మళ్ళీ అరుపు వస్తుందేమోనని ఇద్దరం ఎదురుచూశాం. రాలేదు.

ఫలహారానికి కోలమ్ నల్లటి బిళ్ళలు వేయించి పెట్టాడు. పంది నెత్తురుతో చేసిందని చెబితే నాకు వింతేమీ అనిపించలేదు. మా ఊళ్ళోనూ మేక నెత్తురు ఉల్లిపాయలేసి వేపుతారు. ఇక్కడ కారం ఉండదు, ఓట్స్ కలుపుతారు, అంతే తేడా. మేఘన మాంసం మానేసి ఏడాది అయింది. తను రొట్టె, జామ్ తింది. "పొద్దున కాల్చింది ఎవరు?" అని కోలమ్‌ని అడిగింది. పక్క లోయ కుర్రవాళ్ళని చెప్పాడు. "డిడ్ దే గెట్ హిమ్?" అంటే ఆయన తన కప్పు వైపు చూశాడు. "దుప్పి అరవడం మానేసింది కదా" అన్నాడు.

కంచె దగ్గర

ఎలుగుల చోటు అక్కణ్ణుంచి ఎంతో దూరం లేదు. మాస్కు పెట్టుకుని, ఒకరికొకరు ఎడంగా, చెక్కల దారి మీద నడవాలి. అక్కడ ఎలుగుల్ని చూసుకునే ఓర్లా అనే ఆవిడ చూపించింది. ముప్పై ఏళ్ళుంటాయి, బురద బూట్లు, గొంతు తగ్గించి మాట్లాడుతుంది. ఈ దేశంలో ఒకప్పుడు అడవి ఎలుగులు ఉండేవట. గుహల్లో ఎముకలు దొరుకుతాయి. అడవులు నరికారు, వేటాడారు, చివరిది ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు.

రెండు వరసల కరెంటు కంచె అవతల గోధుమరంగు ఎలుగు ఒకటి చెట్టు మొదట్లో తవ్వుకుంటోంది. మా ఊరి ఎలుగుకి రెట్టింపు ఉంది. రెయిలింగు పట్టుకున్నాను. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. అన్నయ్య. ఇక్కడ మధ్యాహ్నం, అక్కడ పొద్దు వాలే వేళ.

"సెల్లీ, మన పాత తోటలో నేలబావిలో ఎలుగు పడిపోనాది."

గట్టు లేని బావి అది. నేలకి సమంగా ఉంటుంది, చుట్టూ గడ్డి పెరిగితే మనుషులకే కనపడదు.

"పిల్ల కూడా ఉందే. తల్లి వీపు మీదెక్కి కూకుంది. నడుంలోతు నీల్లు. గోడ గీరుతుంది, ఎక్కలేకపోతంది. ఊరోలందరూ ఒచ్చీసినారు. రాళ్ళట్టుకొచ్చినారు. కిరసనాయిలు తెత్తన్నారు."

వెనక జనం గోల వినిపిస్తోంది.

"ఫారెస్టోళ్ళకి చెప్పారా?"

"సెప్పినాం. బయల్దేరినారంట. సీకటి పడేలోగా రాలేరు. ఈల్లు ఆగుతారేటి? పోయిన నెల్లోనే ఎలుగు ఎర్రమ్మత్త సెయ్యి సీరీసింది. నన్ను అడుగుతన్నారు. నీ కన్ను పోనాది కదా, నువ్వే సెప్పు అంటన్నారు. నానేటి సెప్పేది?"

మా వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కరోనాలో ఒకరి ఇంటి శవాన్ని ఇంకొకరు మోసినవాళ్ళు. ఆ మధ్య వచ్చిన పెద్ద తుఫాను తరవాత కొండ మీద పండు లేకుండా పోయి, ఎలుగులు కొబ్బరితోటల్లోకి దిగుతుంటే, రోజూ ప్రాణాలరచేతిలో పెట్టుకుని బతుకుతున్నవాళ్ళు. అది బయటికి వచ్చి ఎవరినైనా చీల్చితే, వదిలెయ్యమన్న నోరు నాదవుతుంది.

"అన్నయ్యా, నిన్ను కరిసింది ఇదేనా?" అని అడిగాను.

"ఏమో. ఎలా తెలుత్తాది? అప్పుడు మొహం సూసినానేటి?"

"ఎర్రమ్మత్తని?"

"తెలీదు."

ముందు రోజు గోడ మీది తోలు గుర్తొచ్చింది. దాన్నీ ఇలాగే అడిగాను. అది ఏమీ చెయ్యలేదు, వేట రోజులు వచ్చాయి, అంతే. మా ఊళ్ళో వేటకి క్యాలెండరు లేదు, భయం ఉంది. చంపేది మాత్రం ఏం చేసిందో తెలియని ఒక జంతువునే. పైగా దీన్ని చంపితే రేపు తెల్లవారుజామున తోటకి వెళ్ళేవాళ్ళకి బావి గట్టు లేస్తుందా? కొండ మీద పనస కాస్తుందా?

మేఘన అప్పటికే ఓర్లా చెయ్యి పట్టుకుని, ఫోన్ స్పీకర్‌లో విన్నది మొత్తం చెప్పేస్తోంది. ఓర్లా నా దగ్గరికి వచ్చింది. ఎడం పాటించాలన్న సంగతి ఇద్దరం మరిచిపోయాం.

"నేను అడవి ఎలుగుని బావిలోంచి ఎప్పుడూ తియ్యలేదు. ఆ మాట ముందే చెబుతున్నాను" అంది. "మీ అటవీశాఖ వాళ్ళు ఆగమంటే ఆగడమే మంచిది. ఆగలేకపోతే, దానికి ఎక్కడానికి ఏదైనా ఇవ్వండి. గరుకుగా ఉండే దుంగ. ఏటవాలుగా. కొండ వైపు. తరవాత మనుషులు ఒక్కరు కూడా కనపడకూడదు. దీపాలొద్దు, అరుపులొద్దు. దానికి పోట్లాడాలని లేదు. పోవాలని ఉంది."

నేను ఒక్కొక్క మాటా తెలుగులో అన్నయ్యకి చెప్పాను.

"సెల్లీ, ఒదిలీమంటావా?"

"నాకూ భయంగానే ఉందన్నయ్యా. నువ్వు అక్కడున్నావు, నేనిక్కడున్నాను. నీకు వద్దనిపిస్తే వద్దు."

ఫోన్‌లో గాలి చప్పుడు. తరవాత అన్నయ్య గొంతు, నాతో కాదు, జనంతో. "రాళ్ళు కింద పారీండి. నా కన్నుకి నాను సెప్తన్నాను. పారీండి." ఎవరో ఎదురు తిరిగారు. "అది పైకొచ్చి నా గుంటల్ని తినీస్తే నువ్వొత్తావా?" అని ఒక ఆడగొంతు ఏడుస్తూ అడిగింది. "పిల్లలందర్నీ బడిలో ఎట్టి తలుపేసీండి. నాను ఇక్కడే ఉంటాను" అన్నాడు అన్నయ్య.

తుఫానుకి కూలిన కొబ్బరి మొద్దులు తోటలో పడి ఉన్నాయి. ఒకదాన్ని మోకులు కట్టి బావిలోకి దించారు. జనాన్ని ఊళ్ళోకి పంపేశారు. అన్నయ్య మోటారు షెడ్డు పైకెక్కి బోర్లా పడుకుని వీడియో పెట్టాడు. మేం ముగ్గురం చెక్కల దారి మీద గొంతుక్కూర్చుని చిన్న తెర చూశాం. బావి ఒక నల్లటి మచ్చలా కనిపిస్తోంది. వెలుగు తగ్గిపోతోంది. అన్నయ్య ఊపిరి వినబడుతోంది. వెనక మా కంచెలో ఎలుగు నేల తవ్వుకుంటున్న చప్పుడు కూడా.

ఏమీ జరగలేదు. మొద్దు కదిలింది, ఆగింది. మళ్ళీ కదిలింది. మేఘన గోళ్ళు నా మణికట్టులో దిగాయి.

నల్లటి తల ఒకటి నేల మీదకి వచ్చింది. దాని వెనక ఇంకో చిన్న తల, మెడ పట్టుకుని. తల్లి పైకి వచ్చి, నీళ్ళు కారుతూ, షెడ్డు వైపు తిరిగింది. అన్నయ్య ఊపిరి ఆగిపోయింది. అది రెండడుగులు షెడ్డు వైపు వేసింది. నేను కళ్ళు మూసుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో రాళ్ళు ఉంటే బాగుండేదనుకున్నాను.

"షీ ఈజ్ టర్నింగ్" అని మేఘన గుసగుసలాడింది.

కళ్ళు తెరిచేసరికి తెర మీద గడ్డి ఊగుతోంది. అంతే.

"ఎల్లిపోనాది" అన్నాడు అన్నయ్య. "సెల్లీ, నాను దిగలేకపోతన్నాను. కాళ్ళు వణుకుతన్నాయి."

ఆ సాయంత్రం

కోలమ్‌కి అంతా చెప్పాను. చేపా, బంగాళదుంప వేపుడూ వెనిగర్ చల్లి పెట్టాడు. తింటూ విన్నాడు. "మళ్ళీ వస్తుంది కదా?" అన్నాడు.

"వస్తుంది."

"అప్పుడు?"

తెలియదన్నాను. తెలిసినదల్లా చెప్పాను. గట్టు లేని బావులున్నాయి. చీకట్లో ఒంటరిగా వెళ్ళే కూలీలున్నారు. కొండ మీద తిండి లేదు. ఏడాదికొకసారి తుపాకీ పట్టుకుని వెళ్ళినా ఈ మూడింటిలో ఒక్కటీ మారదు. ఆయన ఒప్పుకోలేదు. "తుపాకీ చవక, అమ్మాయ్" అన్నాడు. అయినా మర్నాడు మేం బయల్దేరేముందు మేఘన కూర్చునే కుర్చీని తోలున్న గదిలోంచి వంటింట్లోకి మార్చి, మా ఫలహారం అక్కడే పెట్టాడు.

తిరిగి వచ్చాక

తిరుగు దారిలో పసుపు గీత మీద నుంచి చూపు తిప్పలేదు. ఇంటికి వచ్చిన మూడో రోజుకి నాకు గొంతు నొప్పి. పరీక్షలో కరోనా లేదని వచ్చేదాకా మళ్ళీ వేరే గది, మళ్ళీ తలుపు. ఆ తలుపు వెనకే ఫోన్‌లో అన్నయ్య కబుర్లు విన్నాను. ఊళ్ళో కుర్రాళ్ళు ఉచ్చులు పెడదామన్నారట. ముందు బావులకి గట్లు కట్టండి, ఉచ్చుల మాట తరవాత అన్నాడట అన్నయ్య. సగం మంది తిట్టారు, సగం మంది ఇటుకలు మోశారు. అటవీశాఖ వాళ్ళు కొండ మీద పనస మొక్కలు వేస్తామన్నారు. వేశారో లేదో ఇంకా తెలియదు.

కన్ను పోయిన రోజు నుంచి అన్నయ్య ఆ తోటలో కాలు పెట్టలేదు. బావి దగ్గరికి వెళ్ళింది కూడా జనం లాక్కెళితేనే. ఇప్పుడు పిక్కల కాలం వచ్చింది. పోయిన వారం, ఇక్కడ తెల్లవారుతుండగా ఫోన్ చేశాడు. మాటకి మాటకీ మధ్య డబ్బా మీద కర్రతో కొడుతున్న చప్పుడు, నలుగురైదుగురి గొంతులు.

"ఎక్కడున్నావన్నయ్యా?"

"తోటలో" అన్నాడు. "పొద్దెక్కినాకే ఒచ్చినాం. అయిదుగురం. ఎలుగులు పక్కకి పోతాయని డబ్బా నానే కొడతన్నాను."

"భయం వెయ్యట్లేదా?"

"ఎందుకెయ్యదే?" అన్నాడు. "ఉండు, ఇటేపు పిక్కలు రాలున్నాయి."